బొమ్మ ఇటుకల వేట

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నెల కిందట కార్యదర్శిగారు ఫోన్ చేసి, "ఇంజనీరువి కదా, ఏదైనా సాంకేతిక విషయం మీద ఓ పావుగంట మాట్లాడు" అన్నారు. "బొమ్మల గురించి మాట్లాడతానండీ" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. "అంటే, పిల్లలు ఆడుకునే బొమ్మలా?" అన్నారు. "పిల్లలు ఆడుకునేవే. కొనేది మాత్రం నేను" అన్నాను. ఆయన పెద్దమనసుతో ఒప్పుకున్నారు. ఆయన చేత తప్పు చేశాననిపించకుండా చూసుకుంటాను.

నేను ఈ బడిలో పదో తరగతి దాకా చదివి, డిప్లొమా, ఆపైన ఇంజనీరింగ్ చేసి, హైదరాబాద్ బాలానగర్‌లో టూల్ రూమ్ పనిలో స్థిరపడ్డాను. ప్లాస్టిక్ వస్తువులకు మౌల్డులు చేయడం మా పని. మీ ఇళ్లలో ఉన్న స్విచ్ బోర్డు, మిక్సీ జారు మూత, నీళ్ల సీసా బిరడా, ఇవన్నీ ఏదో ఒక ఉక్కు మౌల్డులోంచి పుట్టినవే. ఆదివారాలు మాత్రం నేను వేరే మనిషిని. పాత సామాన్ల సంతల్లో గోనె పట్టాల మీద పోసిన గుట్టల్లో చేతులు పెట్టి, లెగో ఇటుకల కోసం వెతుకుతుంటాను. ఇప్పటికి మా ఇంట్లో సుమారు అరవై కిలోల ఇటుకలున్నాయి. సొంత ఇల్లు మాత్రం చాలా ఆలస్యంగా కట్టుకున్నాం. "ఇల్లు కట్టుకుందామండీ అంటే ఇటుకలు కొంటున్నారు" అని మా ఆవిడ పదేళ్లపాటు అంది. ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు.

ఈ పిచ్చి నాకు పట్టింది ఈ బడిలోనే. ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందు ఆ ఇటుక కథ వినండి.

డెన్మార్క్‌లో బిల్లుండ్ అని ఒక చిన్న ఊరు. అక్కడ ఓలె కిర్క్ క్రిస్టియాన్సెన్ అనే వడ్రంగి ఉండేవాడు. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంలో ఉన్న రోజులు. తలుపులు, కిటికీలు, కుర్చీలు చేయించుకునేవాళ్లు లేక 1932లో చెక్క బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. మన కొండపల్లిలో తెల్ల పొణికితో, ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేస్తారే, అలాగే ఆయన బాతులు, బండ్లు చేశాడు. డేనిష్ భాషలో 'బాగా ఆడుకో' అనే అర్థం వచ్చే 'లెగ్ గాట్' అన్న రెండు మాటలు కలిపి 1934లో 'లెగో' అని పేరు పెట్టాడు.

ఆ కంపెనీవాళ్లే చెప్పుకునే ఒక కథ ఉంది. ఓలె కొడుకు గాట్‌ఫ్రెడ్ చిన్నప్పుడు ఒకరోజు చెక్క బాతుల పెట్టెలు రైలు స్టేషన్‌లో అప్పగించి వచ్చి, తండ్రితో సంబరంగా చెప్పాడట: "నాన్నా, ఇవాళ మనకు డబ్బు మిగిల్చాను. బాతులకు మూడు పూతలు వేసే బదులు రెండే వేశాను" అని. తండ్రి మెచ్చుకోలేదు. వెంటనే వెళ్లి పెట్టెలు వెనక్కి తెచ్చి, మూడో పూత వేసి, మళ్లీ సర్ది, స్టేషన్‌లో ఇచ్చి రమ్మన్నాడు. ఒక్కడివే చెయ్యి, రాత్రంతా పట్టినా సరే అన్నాడు. ఈ కథ చాలా ఏళ్ల కిందట చదివాను. మా టూల్ రూమ్‌లో కొత్తగా చేరే కుర్రాళ్లకు చెబుతుంటాను. నాకు నేను చెప్పుకోవడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక ఓలె ప్లాస్టిక్ మోల్డింగ్ మిషన్ కొన్నాడు. ఇంగ్లండ్‌లో హిలరీ ఫిషర్ పేజ్ అనే ఆయన అప్పటికే చేసిన ఇటుకలను చూసి, 1949లో తామూ ప్లాస్టిక్ ఇటుకలు మొదలుపెట్టారు. మొదటి ఇటుకలు అడుగున డొల్లగా ఉండేవి. ఒకదాని మీద ఒకటి పెడితే నిలిచేవి గాని గట్టిగా పట్టేవి కావు. తర్వాత గాట్‌ఫ్రెడ్ ఆ డొల్లలో గొట్టాలు పెట్టించాడు. పైనున్న బొడిపెలు కింది గొట్టాలకూ గోడలకూ మధ్య బిగుసుకుంటాయి. దానికి 1958 జనవరి 28న పేటెంట్‌కు దరఖాస్తు చేశారు. ఆనాటి పద్ధతిలో చేసిన ఇటుకను నిన్న కొన్న ఇటుక మీద పెట్టినా బిగుస్తుంది.

నాలాంటి మౌల్డు పనివాడికి అసలు అబ్బురం ఇక్కడే. బొడిపెకూ బొడిపెకూ మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. ఇటుక ఎత్తు 9.6. పలుచటి పలక ఎత్తు 3.2, అంటే మూడు పలకలు కలిస్తే ఒక ఇటుక. ఐదు పలకలు పేరిస్తే 16 మిల్లీమీటర్లు, సరిగ్గా రెండు బొడిపెల దూరం. అందుకే ఇటుకను నిలువుగానే కాదు, పక్కకు తిప్పి కూడా కట్టొచ్చు. లెక్క ఎక్కడా తెగదు. అయితే లెక్క కాగితం మీద రాయడం వేరు, లక్షల ముక్కల్లో నిలబెట్టడం వేరు. కరిగిన ప్లాస్టిక్ చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. రంగు మారితే ఆ ముడుచుకోవడమూ కొంచెం మారుతుంది. మౌల్డు అరుగుతుంది. మన తలవెంట్రుక మందం ఉరామరిగా 70 మైక్రాన్లు. ఇటుక అందులో కొద్ది వంతు ఎక్కువ లావైనా పిల్లవాడు ఊడదీయలేడు. కొద్ది వంతు సన్నమైనా ఇల్లు కూలుతుంది. మేము బిరడా మూతకు ఇంత కచ్చితత్వం అడిగితే కస్టమరు రేటు విని లేచిపోతాడు.

ఇంకో లెక్క. ఎనిమిది బొడిపెల ఇటుకలు, ఒకే రంగువి, ఆరు తీసుకోండి. వాటిని ఎన్ని రకాలుగా కలపొచ్చు? మా లెక్కల మాస్టారు ఇక్కడే ఉన్నారు కాబట్టి భయపడుతూనే చెబుతున్నాను: 91 కోట్ల 51 లక్షల 3 వేల 765 రకాలు. ఇది నా లెక్క కాదండీ, డెన్మార్క్‌లో ఒక గణిత ఆచార్యుడు కంప్యూటరు పెట్టి తేల్చింది.

ఇక వేట సంగతి. 2008లో ఒక మౌల్డు ట్రయల్‌కు జర్మనీ వెళ్లాను. ఆదివారం పని లేదు. హోటల్ పక్క మైదానంలో పాత సామాన్ల సంత పెట్టారు. జనం ఇళ్లలో అక్కరలేనివి దుప్పటి పరిచి అమ్ముకుంటున్నారు. ఒక పెద్దావిడ దగ్గర అట్టపెట్టె నిండా రంగురంగుల ఇటుకలు. అందులో చెయ్యి పెట్టాను. చేతికి మొదట తగిలింది ఎర్రటి చట్రమున్న చిన్న కిటికీ. నాకు ముప్పై ఎనిమిదేళ్లు, ఇద్దరు పిల్లల తండ్రిని. ఆ కిటికీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఎందుకో తర్వాత చెబుతాను. ఆ పెట్టె మొత్తం కొనుక్కుని, తెచ్చుకున్న బట్టల్లో సగం అక్కడే వదిలేసి ఇంటికి వచ్చాను.

అప్పటి నుంచి నేర్చుకున్నది కొంచెం మీతో పంచుకుంటాను. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంతకు, జుమ్మేరాత్ బజార్‌కు పొద్దున్నే వెళ్లాలి. తొమ్మిది దాటితే గుట్ట తిరగేసి ఉంటుంది. అమ్మేవాడి ముందు 'లెగో' అన్న మాట అనకూడదు. అంటే రేటు మూడింతలు. గుట్టలో చేత్తో కంటే ముందు చెవితో వెతకాలి. గుప్పెడు ముక్కలు తీసి జారవిడిస్తే ఏబీఎస్ ప్లాస్టిక్ చప్పుడు గలగలమంటుంది, నాసిరకం ముక్కలు డొల్లగా మోగుతాయి. తర్వాత బొడిపె మీద చూడాలి. అసలుదైతే ప్రతి బొడిపె మీదా చిన్న అక్షరాల్లో పేరు ఉబ్బెత్తుగా ఉంటుంది. ముక్క వంకర తిరిగి ఉంటే పారేయకండి. 1963లో ఏబీఎస్‌కు మారకముందు సెల్యులోజ్ ఎసిటేట్‌తో చేసేవారు, అది ఏళ్లు గడిచేకొద్దీ వంగిపోతుంది. వంకరే దాని వయసుకు సాక్ష్యం.

ఇంటికి తెచ్చాక గోరువెచ్చని సబ్బునీళ్లలో కడగాలి. వేణ్నీళ్లు పోస్తే ముక్క ఆకారం పోతుంది. తెల్ల ఇటుకలు పసుపురంగుకు తిరుగుతాయి. ఏబీఎస్‌లో ఉండే రబ్బరు భాగం ఎండకూ గాలికీ ఆక్సీకరణం చెందడం వల్ల అలా అవుతుంది. మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ముంచి ఎండలో పెడితే మళ్లీ తెల్లబడతాయి. ఏ ఎండ పాడుచేసిందో ఆ ఎండే బాగుచేస్తుందన్నమాట. మే నెలలో మా డాబా మీద వడియాల పక్కన ఇటుకలు ఎండుతుంటాయి. కాకులు కూడా వాటికి అలవాటు పడ్డాయి.

మోసపోలేదా అంటే, పోయాను. ఒకసారి ఎప్పుడూ విప్పని పాత పెట్టె అని నమ్మి ఒక నెల జీతంలో మూడో వంతు పెట్టి కొన్నాను. బరువు సరిపోయింది, టేపు సరిగ్గా ఉంది. లోపల సగం కొత్త నకిలీ ముక్కలు. ఇంకోసారి నా దురాశే నన్ను ఆపింది. తాజ్‌మహల్ సెట్టు 2008లో వచ్చింది, 5,922 ముక్కలు. అప్పుడు కొనలేకపోయాను. కొన్నేళ్లకు దాని రేటు ఎక్కడికో పోయింది. అప్పు చేసి కొని, దాచి, అమ్ముదామా అని కూడా ఆలోచించాను. ఈలోగా 2017లో కంపెనీయే మళ్లీ విడుదల చేసింది. దాచుకున్నవాళ్ల ఆశలు నీరుగారాయి. నేను మా అమ్మాయితో కలిసి కట్టుకోవడానికి ఒకటి కొన్నాను. ఆడుకునే వస్తువును బంగారం బిస్కట్టులా చూడకూడదని అప్పుడు బుద్ధి వచ్చింది.

మాకంటే అదృష్టవంతులైన వేటగాళ్లు ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్ తీరంలో ఉన్నారు. 1997 ఫిబ్రవరి 13న 'టోకియో ఎక్స్‌ప్రెస్' అనే ఓడను పెద్ద అల కొట్టి, కంటెయినర్లు సముద్రంలో పడ్డాయి. ఒకదాంట్లో దాదాపు 48 లక్షల లెగో ముక్కలున్నాయి. చిత్రమేమంటే వాటిలో చాలావరకు సముద్రానికి సంబంధించినవే: ఈతగాళ్ల కాళ్ల రెక్కలు, గాలి సిలిండర్లు, ఆక్టోపస్‌లు. ఇప్పటికీ అవి ఒడ్డుకు కొట్టుకొస్తూనే ఉన్నాయి. నల్ల ఆక్టోపస్ దొరికిన రోజు అక్కడివాళ్లకు పండగ. ప్లాస్టిక్ అంత తేలిగ్గా పోదని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఆ ప్లాస్టిక్ మీదే బతికేవాణ్ణి కాబట్టి, ఆ వార్త చదివినప్పుడల్లా నాకు సంతోషంతోపాటు కొంచెం సిగ్గు కూడా వేస్తుంది.

ఇప్పుడు మన బడి సంగతికి వస్తాను.

1982లో నేను ఏడో తరగతి. మన బడిలోనే చదివి ఇంగ్లండ్‌లో స్థిరపడిన ఒక డాక్టరుగారు సెలవులకు వచ్చి, పిల్లలకని ఒక పెట్టె ఇచ్చి వెళ్లారు. మూత మీద ఎర్ర కప్పున్న ఇంటి బొమ్మ. సైన్స్ మాస్టారు దాన్ని ల్యాబ్ బీరువాలో పెట్టి, శనివారం ఆఖరి పీరియడ్‌లో తీసేవారు. నలుగురేసి చొప్పున పిలిచి కట్టనిచ్చేవారు. నా బ్యాచ్ వాళ్లకు గుర్తుండే ఉంటుంది. మన వంతు రావడానికి నెల పట్టేది.

ల్యాబ్ ఊడ్చే అటెండరుగారి అబ్బాయి మా తరగతే. తండ్రికి సాయంగా బల్లలు తుడిచేవాడు. అందరికంటే బాగా కట్టేవాడు వాడే. బొమ్మ చూడకుండా కప్పు పేర్చేవాడు. నాకు వాడంటే ఇష్టమూ ఉండేది, కుళ్లూ ఉండేది.

ఆ ఇంటికి ఎర్ర చట్రమున్న చిన్న కిటికీ ఒకటి ఉండేది. ఒక శనివారం నా వంతు అయిపోయాక దాన్ని నా జామెట్రీ బాక్సులో వేసుకున్నాను. ఎందుకని అడిగితే ఇప్పటికీ జవాబు లేదు. రెక్క తెరిస్తే చిన్నగా కిర్రుమనేది, అది నచ్చింది. అంతే.

తర్వాతి వారం ముక్కలు లెక్కపెట్టారు. కిటికీ లేదు. ల్యాబ్‌లో ఎప్పుడూ ఉండేది ఎవరు? అందరి కళ్లూ వాడి మీదకే వెళ్లాయి. నా కళ్లు కూడా అటే తిప్పాను. కొట్టలేదు, తిట్టలేదు. "ఇకనుంచి నువ్వు బయట ఊడ్చు, లోపలికి రాకు" అన్నారు. వాళ్ల నాన్న అందరి ముందు తలదించుకుని నిలబడ్డాడు. పెట్టె బీరువాలోకి వెళ్లింది, తాళం పడింది. మళ్లీ ఎవరికీ తీయలేదు. మాస్టారిని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆయన ముందు నిజం పెట్టాల్సింది నేను. పెట్టలేదు.

ఆ కిటికీ హాస్టళ్లు మారడంలో ఎక్కడో పోయింది. సంగతి మాత్రం పోలేదు. జర్మనీ సంతలో చేతికి తగిలింది సరిగ్గా అలాంటి కిటికీయే.

2019లో బడికి వచ్చినప్పుడు హెడ్మాస్టరుగారి అనుమతితో ల్యాబ్ పాత స్టాక్ రిజిస్టరు చూశాను. పాత గది కూల్చినప్పుడు పెట్టె పోయిందట. రిజిస్టరులో మాత్రం ఉంది. మా మాస్టారి ముత్యాల్లాంటి అక్షరాలు. పెట్టె మీదున్న నంబరుతో సహా ఎక్కించారు. చివరి గడిలో 'కిటికీ 1 లోపం' అని ఉంది. ముప్పై ఏడేళ్లుగా ఆ లోపం అక్కడే ఉంది.

ఆ రోజు నుంచి వేట అంతా ఆ ఒక్క పెట్టె కోసమే. కప్పు పెంకులు ఎర్రగడ్డలో దొరికాయి. చక్రాలు అమెరికా నుంచి తిరిగొచ్చిన ఒక కుటుంబం అమ్మిన సంచిలో దొరికాయి. తలుపు కీలు విరగనిది దొరకడానికి రెండేళ్లు పట్టింది. మూత, కట్టే విధానం ఉన్న కాగితం ఇంగ్లండ్ నుంచి తెప్పించాను. పోయిన ఏడాది ఆఖరి ముక్క చేరింది.

పెట్టె నిండాక తెలిసింది, నేను వెతుకుతున్నది ముక్కల కోసం కాదని. రెండు నెలల కిందట మన ఊరొచ్చి వాడి దగ్గరికి వెళ్లాను. ఇప్పుడు మోటారు వైండింగ్ షాపు నడుపుతున్నాడు. చుట్టుపక్కల పొలాల్లో ఏ బోరు మోటారు కాలినా వాడి దగ్గరికే వస్తుంది. నన్ను చూసి "రండి సార్, కూర్చోండి" అన్నాడు. "ఒరేయ్, నేను రా" అన్నాను. కాసేపు రాగి తీగ చుడుతూనే ఉన్నాడు. నేను చెప్పాల్సింది చెప్పేశాను.

తల ఎత్తకుండా, "నీ దగ్గరే ఉందని నాకు అప్పుడే తెలుసు. నువ్వు నడిస్తే జామెట్రీ బాక్సు వేరేగా మోగేది" అన్నాడు.

"మరి ఎందుకు చెప్పలేదురా?"

"చెబితే ఎవరి మాట నమ్మేవాళ్లు?" అన్నాడు.

నా దగ్గర సమాధానం లేదు. ఇవాళ కూడా లేదు. కాసేపటికి వాడే అన్నాడు: "మా నాన్న పోయేదాకా ఆ మాట మనసులో పెట్టుకున్నాడు. నాకు చెప్పావు, బాగానే ఉంది. ఆ రోజు అందరి ముందూ అయింది కదా. ఇదీ అందరి ముందూ చెప్పు. నేనూ వచ్చి వింటా."

అందుకే కార్యదర్శిగారు ఫోన్ చేసినప్పుడు బొమ్మల గురించి మాట్లాడతానన్నాను. అయ్యా, ఆ కిటికీ తీసింది నేను. అటెండరుగారి అబ్బాయి కాదు. ఈ మాట వాళ్ల నాన్నగారు వినేలా చెప్పలేకపోయాను. ఆ బాకీ తీరేది కాదు. బాతులకు మూడో పూత వేయడానికి గాట్‌ఫ్రెడ్‌కు ఒక రాత్రి పట్టింది. నాకు నలభై ఏళ్లు దాటింది.

ఈ బల్ల మీదున్న పెట్టె మన బడికి. రిజిస్టరులో ఉన్న నంబరుదే. ముక్కలు లెక్కపెట్టి జాబితా లోపల పెట్టాను. కిటికీ ఉంది. హెడ్మాస్టరుగారికి రెండు విన్నపాలు. ఒకటి, దీన్ని బీరువాలో పెట్టి తాళం వేయకండి. ముక్కలు పోతాయి, పోనివ్వండి. నా దగ్గర అరవై కిలోలున్నాయి, పోయినవి పంపిస్తూ ఉంటాను. రెండోది, పోయిందని తెలిసినప్పుడు ముందు ల్యాబ్ ఊడ్చేవాళ్ల వైపు చూడకండి.

వాడు వెనక వరసలో కూర్చున్నాడు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పడం లేదు. ముఖ్య అతిథిగారు మన్నించాలి, ఈ పెట్టె మొదట విప్పాల్సింది వాడు. కప్పు పేర్చడం వాడికి ఇంకా గుర్తుందో లేదో చూడాలని నాకూ ఉంది.

రారా. నీ వంతు వచ్చింది.